పుట్టగొడుగులతో భార లోహాల నేలను బాగుచేయడం: పరీక్ష నుంచి పారవేత వరకు సమగ్ర మార్గదర్శి

1990ల చివరలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, డీజిల్‌తో తడిసి నల్లబడిన మట్టి కుప్పలో పుట్టగొడుగుల నిపుణుడు పాల్ స్టామెట్స్, ఆయనతో పనిచేసిన పరిశోధకులు ఆయిస్టర్ పుట్టగొడుగుల విత్తనం కలిపారు. కొన్ని వారాలకు ఆ కుప్ప మీద పుట్టగొడుగులు గుత్తులు గుత్తులుగా మొలిచాయి. డీజిల్ చాలావరకు విరిగిపోయింది. ఆ ప్రయోగానికి ప్రపంచమంతటా పేరొచ్చింది. దానితోపాటే ఒక అపోహ కూడా వ్యాపించింది: పుట్టగొడుగులు ఏ కాలుష్యాన్నైనా తినేస్తాయని.

డీజిల్ అంటే కర్బన గొలుసులు. కలపను కుళ్లబెట్టే శిలీంధ్రాల ఎంజైములు ఆ గొలుసులను తెంచి, చివరికి నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చగలవు. సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ అలాంటివి కావు. అవి మూలకాలు. ఏ ఎంజైమూ వాటిని విరగ్గొట్టలేదు. నేలలో ఒక గ్రాము సీసం ఉంటే, మనం ఏం చేసినా ఆ గ్రాము ఎక్కడో ఒకచోట ఉండే తీరుతుంది. శిలీంధ్రం దాని చోటు మార్చగలదు, రూపం మార్చగలదు, కదలకుండా కట్టిపడేయగలదు. అంతకు మించి చేయలేదు. ఆ మేరకు చేయగలిగినా అది చిన్న సాయం కాదు. అయితే ఈ తేడా మనసులో పెట్టుకోకుండా పని మొదలుపెడితే డబ్బు, కాలం వృథా కావడమే కాదు, విషం పళ్లెంలోకి వచ్చే ప్రమాదమూ ఉంది.

శిలీంధ్రం లోహంతో ఏం చేస్తుంది

మనకు కనిపించే గొడుగు శిలీంధ్రానికి పండు లాంటిది. అసలు ఒళ్లు మట్టిలో, గడ్డిలో, కలపలో దారాల అల్లికగా పరుచుకుని ఉంటుంది. దాన్ని ఇక్కడ తంతుజాలం అని పిలుద్దాం. లోహాల విషయంలో దాదాపు పనంతా జరిగేది అక్కడే.

తంతువుల గోడలు కైటిన్, గ్లూకాన్ వంటి పదార్థాలతో కట్టి ఉంటాయి. ఆ గోడల మీద ఉండే కార్బాక్సిల్, ఫాస్ఫేట్, అమైన్ అనే రసాయన సమూహాలు నీటిలో కరిగిన లోహ అయాన్లను అయస్కాంతానికి ఇనుప రజను అంటినట్టు పట్టుకుంటాయి. దీనికి శిలీంధ్రం బతికే ఉండాలన్న నియమం లేదు. చనిపోయిన తంతుజాలం కూడా ఈ పని చేస్తుంది. కొంత లోహం గోడ దాటి కణం లోపలికి పోతుంది. అక్కడ మెటలోథయొనీన్ అనే చిన్న ప్రొటీన్లు, గ్లూటాథయోన్ వంటి అణువులు దాన్ని చుట్టేసి, కణంలోని రిక్తికల్లో, అంటే చిన్న సంచుల్లాంటి అరల్లో, దాచేస్తాయి. ఇలా దాచుకున్న దానిలో కొంత భాగమే గొడుగులోకి చేరుతుంది.

మూడో పని ఆమ్లాలది. చాలా శిలీంధ్రాలు ఆక్సాలిక్ ఆమ్లాన్ని స్రవిస్తాయి. అది కొన్ని లోహాలతో కలిసి కరగని ఆక్సలేట్లుగా గట్టిపడుతుంది. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గ్యాడ్ బృందం 2012లో ఇంకా ఆసక్తికరమైన విషయం చూపించింది. శిలీంధ్రాలు పెరుగుతున్న చోట ఉంచిన సీసపు గుళికల మీద క్లోరోపైరోమార్ఫైట్ అనే ఖనిజం ఏర్పడింది. సీసపు ఖనిజాలన్నింటిలో అతి తక్కువగా కరిగే వాటిలో ఇదొకటి. కానీ ఇదే కథకు రెండో వైపూ ఉంది. ఆస్పర్జిల్లస్ నైగర్ అనే శిలీంధ్రం ఈ పైరోమార్ఫైట్ రకపు ఖనిజాన్నే కరిగించి సీసపు ఆక్సలేట్‌గా మార్చగలదని 1999లోనే తేలింది. అంటే కట్టిన ముడి ఎప్పటికీ ఊడదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ మార్గదర్శిలో మళ్లీ మళ్లీ పరీక్షల మాట వచ్చేది అందుకే.

ఒక్క విత్తనమూ కొనకముందు వేసుకోవాల్సిన లెక్క

ఒక చదరపు మీటరు నేలను 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసుకుంటే దాదాపు 200 కిలోల మట్టి వస్తుంది. కిలో మట్టిలో 400 మిల్లీగ్రాముల సీసం ఉందనుకోండి. మొత్తం 80 గ్రాములు. ఆ చదరపు మీటరులో ఒక కాపుకు 2 కిలోల పచ్చి పుట్టగొడుగులు వచ్చాయనుకుందాం. వాటిలో పదింట తొమ్మిది వంతులు నీరే కాబట్టి ఎండితే 200 గ్రాములు మిగులుతాయి. ఎండు కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున సీసాన్ని పట్టుకున్నాయనుకుంటే, ఒక కాపుకు మనం బయటికి తీసేది 4 మిల్లీగ్రాములు. 80 గ్రాములు తీయడానికి 20,000 కాపులు కావాలి.

అదే కాడ్మియం అయితే? కిలో మట్టికి 3 మిల్లీగ్రాములు అనుకుంటే చదరపు మీటరులో మొత్తం 600 మిల్లీగ్రాములు. పుట్టగొడుగులు సీసం కన్నా కాడ్మియాన్ని బాగా లాగుతాయి. ఎండు కిలోకు 30 మిల్లీగ్రాములు పట్టుకున్నా కాపుకు 6 మిల్లీగ్రాములు. సగానికి తగ్గించాలంటే 50 కాపులు. కష్టమే, కానీ ఊహకు అందుతుంది.

ఈ అంకెలు లెక్క చూపడానికి అనుకున్నవి. మీ నేల పరీక్ష ఫలితం చేతికొచ్చాక మీ అంకెలతో ఇదే లెక్క వేయండి. ఆ కాగితం ముందు పెట్టుకుంటే మీరు నడవాల్సిన దారి దానంతట అదే తేలుతుంది. దారులు మూడు. లోహాన్ని గొడుగుల్లోకి లాగి బయటికి తీయడం మొదటిది, దీన్ని తోడడం అందాం. నేలలోనే కదలకుండా చేయడం రెండోది, కట్టివేయడం. నేల నుంచి పారే నీటిలోని లోహాన్ని పట్టుకోవడం మూడోది, వడకట్టడం. నా అభిప్రాయంలో ఎక్కువ నేలలకు పనికొచ్చేవి రెండోదీ మూడోదీ. పుట్టగొడుగులు కళ్లకు కనిపిస్తాయి కాబట్టి అందరి దృష్టీ మొదటిదాని మీదే ఉంటుంది.

1. నేల చరిత్ర, నేల పరీక్ష

ముందు ఆ స్థలంలో ఇంతకుముందు ఏం జరిగేదో తెలుసుకోండి. పాత బ్యాటరీలు విప్పిన చోట సీసం ఉంటుంది. లోహపు పూతల పని జరిగిన చోట క్రోమియం, నికెల్, కాడ్మియం ఉండవచ్చు. తోళ్లు శుద్ధి చేసిన చోట క్రోమియం, కలపకు చెదలు పట్టకుండా మందు పట్టించిన చోట రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మూడూ. పాత రంగులు రాలిన గోడల పక్కన, రద్దీ రోడ్ల అంచున సీసం సాధారణం. మురుగు మడ్డి ఏళ్ల తరబడి వేసిన పొలాల్లో జింకు, కాడ్మియం పేరుకుంటాయి.

మామూలు భూసార పరీక్ష ఇందుకు చాలదు. అది నత్రజని, భాస్వరం, పొటాష్ చెబుతుంది గాని సీసం సంగతి చెప్పదు. భార లోహాల పరీక్ష అని ప్రత్యేకంగా అడగాలి. అందులోనూ రెండు అంకెలు అడగండి. ఒకటి మట్టిలోని మొత్తం లోహం. రెండోది అందుబాటులో ఉన్న లోహం, అంటే నీటిలోకి, వేళ్లలోకి సులువుగా కదలగలిగిన భాగం. దీన్ని డీటీపీఏ అనే రసాయనం లేదా కాల్షియం క్లోరైడ్ ద్రావణంతో వెలికితీసి కొలుస్తారు. కట్టివేసే దారిలో మొత్తం అంకె తగ్గదు, ఈ రెండో అంకే తగ్గాలి. అది లేకుండా మీ శ్రమ ఫలించిందో లేదో ఎప్పటికీ తెలియదు. పీహెచ్, సేంద్రియ కర్బనం కూడా కొలిపించండి.

నమూనా తీయడంలో తొందర వద్దు. స్థలాన్ని గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో ఎనిమిది, పది చోట్ల పైచెత్త తొలగించి, 15 సెంటీమీటర్ల లోతు వరకు సమానంగా మట్టి తీయండి. ఒక గడి మట్టినంతా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగతావి వదిలేయండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేయండి. వదిలేసిన మట్టిని తీసిన గడిలోనే పోయండి. ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు పనిముట్లే వాడండి. జింకు పూత ఉన్న బకెట్టు వాడితే నేలలో లేని జింకు ఫలితంలో కనిపిస్తుంది. రంగు ఊడిన గోడ పక్క, కాల్చిన గుర్తులున్న చోటు, నీరు నిలిచే పల్లం వంటి అనుమానం ఉన్న చోట్ల నమూనాలు విడిగా తీయండి. వాటిని మిగతా మట్టితో కలిపితే ఎక్కువ విషం ఉన్న మూల సగటులో దాక్కుంటుంది.

ఫలితం చూసి ఎంత ప్రమాదమో తేల్చడానికి మీ ప్రాంతంలో అమల్లో ఉన్న ప్రమాణాలను చూడాలి. ఒక పోలికగా, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నివాస స్థలాల మట్టిలో సీసానికి పరిశీలన స్థాయిని 2024 జనవరిలో కిలోకు 400 నుంచి 200 మిల్లీగ్రాములకు తగ్గించింది. పిల్లల రక్తంలో సీసం ఎంత తక్కువైనా సురక్షితమని చెప్పదగిన స్థాయి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి పిల్లలు ఆడుకునే చోట సీసం ఎక్కువగా తేలితే ఈ మార్గదర్శిని పక్కన పెట్టండి. ఆ మట్టిని తొలగించడమో, శుభ్రమైన మట్టితో మందంగా కప్పడమో వెంటనే జరగాలి. పిల్లల మెదడు పుట్టగొడుగుల కాపు కోసం ఆగదు.

2. ఏ లోహానికి ఏ దారి

సీసానికి కట్టివేయడమే సరైనది. అందుకు భాస్వరం తోడు కావాలి. రాక్ ఫాస్ఫేటు లేదా ఎముకల పొడి మట్టిలో కలిపితే, శిలీంధ్రపు ఆమ్లాలు దానిలోని ఫాస్ఫేటును నెమ్మదిగా కరిగిస్తాయి. అది సీసంతో కలిసి పైన చెప్పిన పైరోమార్ఫైట్ వంటి కరగని ఖనిజంగా మారుతుంది.

ఆర్సెనిక్ ఉంటే ఇదే పని ప్రమాదం. ఫాస్ఫేటూ, ఆర్సెనేటూ రసాయనికంగా దాయాదులు. మట్టి రేణువుల మీద ఒకే చోటు కోసం పోటీ పడతాయి. ఫాస్ఫేటు వేస్తే ఆర్సెనిక్ చోటు ఖాళీ చేసి నీటిలోకి దిగుతుంది. సున్నం ఎక్కువగా వేసినా, నీరు నిలవనిచ్చినా అదే జరుగుతుంది. నీరు నిలిచిన నేలలో గాలి అందక ఇనుప ఆక్సైడ్లు కరుగుతాయి, వాటిని అంటుకున్న ఆర్సెనిక్ కూడా వాటితో కదులుతుంది. సీసం, ఆర్సెనిక్ రెండూ ఉన్న నేలలు చాలానే ఉన్నాయి. అలాంటి చోట నిపుణుల సలహా లేకుండా ఫాస్ఫేటు ముట్టుకోకండి.

కాడ్మియానికి రెండు దారులూ ఉన్నాయి. అది ఆమ్ల నేలల్లో చురుగ్గా కదులుతుంది, పీహెచ్ 6.5 నుంచి 7 మధ్యకు వస్తే నెమ్మదిస్తుంది. కట్టివేయాలంటే కొద్దిగా సున్నం, బోలెడు సేంద్రియ పదార్థం, వాటి మీద శిలీంధ్రం. తోడాలంటే పీహెచ్ పెంచకూడదు. ఒకే మడిలో రెండూ చేయబోతే రెండూ చెడతాయి.

క్రోమియం రెండు రూపాల్లో ఉంటుంది. ఆరు సంయోజకత ఉన్నది విషపూరితం, నీటిలో కదులుతుంది. మూడు సంయోజకత ఉన్నదానికి ఆ రెండు గుణాలూ చాలా తక్కువ. సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు మొదటిదాన్ని రెండోదిగా మార్చడానికి తోడ్పడతాయి. కాబట్టి పరీక్షలో ఆరు సంయోజకత క్రోమియాన్ని విడిగా కొలిపించండి. పాదరసం సంగతి వేరు. అది ఆవిరవుతుంది, తడి నేలల్లో ఇంకా విషపూరితమైన మిథైల్ పాదరసంగా మారగలదు. పాదరసం ఎక్కువగా తేలిన నేలను సొంతంగా బాగుచేయాలని ప్రయత్నించవద్దు.

3. శిలీంధ్రం ఎంపిక

ఈ విషయం చదివేవారికి కొన్ని అద్భుతమైన పేర్లు ఎదురవుతాయి. అమానిటా మస్కేరియా వనేడియాన్ని పోగుచేస్తుంది. అమానిటా స్ట్రోబిలిఫార్మిస్ వెండిని, సార్కోస్ఫేరా కొరొనేరియా ఆర్సెనిక్‌ను ఆశ్చర్యం కలిగించే మోతాదుల్లో దాచుకుంటాయి. కానీ ఇవి చెట్ల వేళ్లతో కలిసి అడవిలో బతికేవి. గడ్డి మడుల్లో సాగుకు లొంగవు. పెంచగలిగేవి వేరు.

ఆయిస్టర్ పుట్టగొడుగు మొదటి ఎంపిక. గడ్డి మీదా, రంపపు పొట్టు మీదా, కలప ముక్కల మీదా త్వరగా అల్లుకుంటుంది, పోటీ బూజులను తట్టుకుంటుంది, కాడ్మియాన్ని, పాదరసాన్ని లాగుతుంది. ఇందులో జాతులు చాలా. చల్లని వాతావరణానికి ప్లూరోటస్ ఆస్ట్రియేటస్, వెచ్చని వాతావరణానికి ప్లూరోటస్ పల్మొనేరియస్ లేదా గులాబీ రంగు ప్లూరోటస్ జామోర్ తీసుకోండి. అయితే ఆయిస్టర్ కలపకు, గడ్డికి చెందినది. వట్టి మట్టిలోకి లోతుగా దిగదు.

మట్టిని తాకి బతికేది కావాలంటే స్ట్రోఫేరియా రుగోసోఅన్యులేటా మేలు. ముదురు ఎరుపు టోపీతో పెద్దగా పెరిగే ఈ పుట్టగొడుగు కలప ముక్కల మడిలో ఊరి, కింది మట్టిలోకి తెల్లని దారాలను తాళ్లలా పంపుతుంది. కట్టివేయడానికీ, వడకట్టడానికీ నేను దీనివైపే మొగ్గుతాను. ఎరువుతో సారవంతమైన నేలలో కోప్రినస్ కోమాటస్ కూడా పెరుగుతుంది. అది లోహాలను బాగా పోగుచేస్తుంది. కానీ దాని టోపీ కోయడం ఒకరోజు ఆలస్యమైతే సిరాలా కరిగి, పట్టిన లోహాన్ని మళ్లీ నేలలోకే కార్చేస్తుంది.

ఇక మొక్కల వేళ్ల లోపల కాపురముండే ఆర్బస్క్యులర్ రకం మైకోరైజా శిలీంధ్రాలు. ఇవి గొడుగులు వేయవు, కంటికి కనిపించవు. లోహపు నేలలో మొక్క నిలదొక్కుకోవాలంటే మాత్రం ఇవే ఆధారం. వీటి గురించి 6వ మెట్టులో చెబుతాను.

4. పరుపు తయారీ

శిలీంధ్రానికి ఆహారంగా వేసే గడ్డి, పొట్టు, కలప ముక్కలను పరుపు అంటున్నాను. అది శుభ్రమైన చోట నుంచి రావాలి. రంగు వేసిన కలప, మందు పట్టించిన కలప, ప్లైవుడ్ పొట్టు అసలు వద్దు. బాగుచేయడానికి తెచ్చిన పొట్టుతో కొత్త ఆర్సెనిక్ తెచ్చిపెట్టుకోవడం కన్నా విచారం లేదు.

గడ్డిని 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 65 నుంచి 75 డిగ్రీల వేడి నీటిలో గంట నుంచి గంటన్నర ఉంచండి. ఉడికించనవసరం లేదు. పోటీ బూజులను అణచడమే ఉద్దేశం. పెద్ద మొత్తమైతే సున్నపు నీటి పద్ధతి తేలిక. లీటరు చల్లని నీటికి 2 గ్రాముల చొప్పున కాల్చి చల్లార్చిన సున్నం కలిపి, గడ్డిని అందులో 12 నుంచి 18 గంటలు ముంచి ఉంచాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆర్సెనిక్ నేల కోసం చేస్తున్న పరుపైతే సున్నం వద్దు, వేడి నీరే వాడండి.

నీరు వడకట్టి, గుప్పెడు గడ్డిని గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే తేమ సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే ఇంకా ఆరనివ్వండి. తడి బరువులో 5 నుంచి 10 శాతం విత్తనం కలిపి సంచుల్లో నింపి, గాలికి చిన్న రంధ్రాలు పెట్టి, 20 నుంచి 28 డిగ్రీల వేడిలో నీడన ఉంచండి. రెండు మూడు వారాల్లో సంచంతా తెల్లగా అల్లుకుంటుంది. పచ్చగానో, నల్లగానో బూజు కనిపించిన సంచిని తీసేయండి. స్ట్రోఫేరియాకు ఇంత తతంగం అక్కర్లేదు. ఒకటి రెండు రోజులు నానబెట్టిన కలప ముక్కల్లో నేరుగా విత్తనం కలిపి మడిలో పరిస్తే చాలు, అల్లుకోవడానికి మాత్రం కొన్ని నెలలు పడుతుంది.

విత్తనాన్ని నేరుగా కలుషిత మట్టిలో చల్లేవారున్నారు. అలా చేయకండి. తిండి లేని చోట, విషం మధ్యలో, మట్టి బాక్టీరియాతో పోరాడుతూ లేత తంతువులు నిలవవు. ముందు పరుపులో బలపడ్డాకే వాటిని నేలకు దింపాలి.

5. నేల మీద పరచడం

పనిచేసేటప్పుడు మీకు ప్రమాదం దుమ్ము నుంచే. సీసం ఎక్కువగా ఒంట్లో చేరేది ముక్కు, నోటి ద్వారానే. నేలను ముందురోజే తడపండి. సన్నని దుమ్మును ఆపే మాస్కు, తొడుగులు, పని కోసమే వేరుగా ఉంచిన బట్టలు, చెప్పులు వాడండి. వాటిని ఇంట్లోకి తీసుకురావద్దు. పని మధ్యలో తినడం, తాగడం వద్దు.

నేలను లోతుగా దున్నకండి. దున్నితే పైపొరలోని లోహం కిందికీ, దుమ్ము గాలిలోకీ వెళుతుంది. పై 5 సెంటీమీటర్లను పారతో మెల్లగా గుల్ల చేసి, ఎంచుకున్న దారిని బట్టి ఫాస్ఫేటో, సున్నమో కలపండి. దానిమీద అల్లుకున్న పరుపును 5 నుంచి 8 సెంటీమీటర్ల మందంలో పరిచి, కింది మట్టికి గట్టిగా తగిలేలా అదమండి. ఈ తాకిడి చాలా ముఖ్యం. మట్టికీ పరుపుకీ మధ్య ఖాళీ ఉంటే శిలీంధ్రం శుభ్రమైన గడ్డినే తిని, అందమైన గొడుగులు వేసి, లోహాన్ని తాకకుండానే బతికేస్తుంది. తోడే దారిలో అయితే పరుపులో మూడో వంతు దాకా ఆ మట్టినే కలిపి, దాని పైన వట్టి పరుపు ఒక పొర వేయండి. అన్నిటిమీదా 5 సెంటీమీటర్ల తడి గడ్డి కప్పండి.

మడికి చుట్టూ చిన్న గట్టు వేయండి. తడి నిలవాలి గాని నీరు పారకూడదు. పారిన ప్రతి చుక్కా లోహాన్ని పక్క నేలకు మోస్తుంది. నీడ కావాలి, చెట్టు నీడ లేకపోతే వలనీడ చాలు. పశువులు, కుక్కలు, కోళ్లు రాకుండా కంచె కట్టి, ఇక్కడి పుట్టగొడుగులు తినకూడదని పెద్ద అక్షరాల్లో బోర్డు పెట్టండి. ఆయిస్టర్ తినదగినదని అందరికీ తెలుసు. అందుకే ఈ బోర్డు అవసరం.

ఒక పని మర్చిపోవద్దు. పక్కనే చిన్న మడిని శిలీంధ్రం లేకుండా వదిలేయండి. మిగతావన్నీ, గడ్డి, నీరు, సున్నం, అలాగే చేయండి. ఏడాది తర్వాత మార్పు కనిపిస్తే అది శిలీంధ్రం వల్లో, వట్టి సేంద్రియ పదార్థం వల్లో చెప్పగలిగేది ఆ మడి ఒక్కటే.

6. మొక్కలతో జత

నేలను బోసిగా ఉంచితే గాలి, వాన లోహాన్ని మోసుకుపోతాయి. కాబట్టి తోడడానికైనా, కట్టివేయడానికైనా మొక్కల కప్పు కావాలి. ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి లాగే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ సంగతి 2001లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోని లీనా మా బృందం వెల్లడించింది. మైకోరైజాతో ఇది చక్కగా జతకడుతుంది. పొద్దుతిరుగుడు, గడ్డి జాతులు, విల్లో చెట్లు కూడా అంతే.

ఆవ జాతి మొక్కలను లోహాలు తీయడానికి చాలామంది సిఫారసు చేస్తారు. ఆ మొక్కలు లోహాన్ని లాగే మాట నిజమే. కానీ ఆ కుటుంబపు మొక్కలు మైకోరైజాతో జతకట్టవు. ఆవ మడిలో ఖరీదైన మైకోరైజా పొడి వేయడం డబ్బును మట్టిలో పోయడమే. అలాగే భాస్వరం దండిగా ఉన్న నేలలో మొక్కకు శిలీంధ్రం అవసరం తగ్గి, జత బలహీనపడుతుంది. సీసానికి ఫాస్ఫేటు వేసిన మడిలో మైకోరైజా నుంచి ఎక్కువ ఆశించకండి.

మైకోరైజా వల్ల మొక్కలోకి చేరే లోహం కొన్ని జతల్లో తగ్గుతుంది, కొన్నింటిలో పెరుగుతుంది. కాబట్టి శిలీంధ్రం ఉంది గదా అని ఆ నేలలో కూరగాయలు పండించకూడదు. ముఖ్యంగా ఆకుకూరలు, దుంపలు.

7. నీటి వడపోత

వాలు నేలలకు ఇది చాలా విలువైన మెట్టు. నారసంచుల్లో స్ట్రోఫేరియా లేదా ఆయిస్టర్ అల్లుకున్న కలప ముక్కలు నింపి, నీరు బయటికి పోయే చోట అడ్డంగా రెండు వరుసలు పేర్చండి. నీరు వాటి మీదుగా కాక లోపలి నుంచి, నెమ్మదిగా పోవాలి. తంతువుల గోడలు కరిగిన లోహాన్ని పట్టుకుంటే, ముక్కల మధ్య సందులు బురదను ఆపుతాయి. లోహంలో ఎక్కువ భాగం బురద రేణువులకు అంటుకునే ప్రయాణిస్తుంది కాబట్టి ఆ రెండో పని తక్కువేమీ కాదు.

గోడల మీద చోటు పరిమితం. అది నిండాక సంచి ఏమీ పట్టదు. పైగా ఆమ్లపు నీరు తగిలితే పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. లోపలికి వచ్చే నీటినీ, బయటికి పోయే నీటినీ వానాకాలంలో రెండు మూడుసార్లు పరీక్షకు పంపండి. రెండింటి మధ్య తేడా తగ్గుతోందంటే సంచులు మార్చే వేళ వచ్చినట్టే. కలప కుళ్లి సంచి కుంగినా మార్చాల్సిందే.

8. కోత, పారవేత

1986 చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత యూరప్ అడవుల్లోని పుట్టగొడుగుల్లో దశాబ్దాల పాటు రేడియోధార్మిక లోహమైన సీజియం 137 కనిపిస్తూనే ఉంది. అడవిలో ఎవరూ కోయని గొడుగు కుళ్లి, తనలోని సీజియాన్ని పైపొర మట్టికే తిరిగిచ్చేది, మరుసటి తరం తంతువులు దాన్నే మళ్లీ లాగేవి. మీ మడిలో కూడా కోయకుండా వదిలిన ప్రతి గొడుగూ అదే చేస్తుంది. కట్టివేసే దారిలో ఉన్నా సరే, గొడుగులను కోయాల్సిందే. లేకపోతే పురుగులు, నత్తలు, పక్షులు వాటిని తిని లోహాన్ని ఆహార గొలుసులోకి చేరుస్తాయి.

టోపీ అంచు ఇంకా లోపలికి వంగి ఉండగానే, మొదలంటా తిప్పి లాగండి. అప్పటికి బీజాల దుమ్ము పెద్దగా రాలదు. పచ్చి బరువు తూచి, తేదీ రాసి, మూత ఉన్న చోట ఆరబెట్టి, ఎండు బరువు కూడా రాయండి. ఒక్కో కాపు నుంచి గుప్పెడు ఎండు ముక్కలు ప్రయోగశాలకు పంపితే, మొదట వేసిన లెక్కలో ఊహించిన అంకె చోట నిజమైన అంకె చేరుతుంది.

వీటిని తినకూడదు. ఉడికించినా, ఎండబెట్టినా లోహం పోదు. పశువులకు వేయకూడదు, కంపోస్టులో కలపకూడదు. బయట తగలబెట్టడం అన్నిటికన్నా చెడ్డది. పాదరసం 357 డిగ్రీలకే, కాడ్మియం 767 డిగ్రీలకు మరుగుతాయి. మంటలో అవి పొగతో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, మిగిలినవి బూడిదలో గాలికి ఎగురుతాయి. ఎండిన గొడుగులను, వాడిన వడపోత సంచులను, తోడే మడి పరుపును మందమైన సంచుల్లో కట్టి, ఏ లోహమో రాసి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే అధీకృత కేంద్రానికి అప్పగించాలి. మొదటి విత్తనం కొనకముందే ఆ కేంద్రం ఎక్కడుందో, ఎంత పరిమాణం తీసుకుంటుందో కనుక్కోండి. తోడిన విషాన్ని పెట్టడానికి చోటు లేకపోతే తోడడం మొదలుపెట్టకండి.

కట్టివేసే మడిలో పరుపును తీయనక్కర్లేదు. దాని పని నేలలో ఉండడమే. అది కుళ్లి పలచబడేకొద్దీ ఏటా కొత్త కలప ముక్కలు, గడ్డి పైన చేర్చాలి. తిండి ఆగితే శిలీంధ్రం చస్తుంది, సేంద్రియ పదార్థం కరిగిపోతుంది, దానికి అంటుకున్న లోహం మళ్లీ కదలడం మొదలుపెడుతుంది.

9. మళ్లీ పరీక్ష

మొదటి ఏడాది చివర, అదే గళ్లలో, అదే లోతులో, అదే ఋతువులో నమూనాలు తీసి, అదే ప్రయోగశాలకు, అదే పద్ధతి కోరుతూ పంపండి. మట్టి పరీక్షల్లో సహజంగానే కొంత తేడా వస్తుంది. ఒక గడిలో పది శాతం తగ్గుదల చూసి సంతోషపడవద్దు, పది శాతం పెరుగుదల చూసి దిగులు పడవద్దు. అన్ని గళ్లూ ఒకే వైపు కదిలి, శిలీంధ్రం లేని మడి కదలకుండా ఉంటే అప్పుడు నమ్మండి.

కట్టివేసే దారిలో అందుబాటు లోహం తగ్గుతూ, పీహెచ్ నిలకడగా ఉంటే కొనసాగించండి. పీహెచ్ 6 కన్నా కిందికి జారుతుంటే ముందు అది సరిచేయాలి, ఎందుకంటే ఆమ్లత పెరిగితే సీసమూ, కాడ్మియమూ రెండూ కదులుతాయి. తోడే దారిలో మూడు నాలుగు కాపుల నిజమైన అంకెలతో మొదటి లెక్కను తిరిగి వేయండి. ఇంకా వందల కాపులు కావాలని తేలితే తోడడం ఆపి ఆ మడిని కట్టివేసే దారికి మార్చండి. రెండేళ్లు గడిచినా అందుబాటు లోహంలో, శిలీంధ్రం లేని మడితో పోలిస్తే తేడా లేకపోతే, ఆ నేలకు మట్టి మార్పిడి వంటి పద్ధతులు అవసరమని అర్థం. అప్పుడు ఈ పరీక్ష కాగితాలన్నీ తీసుకుని నేల శుద్ధి నిపుణుల దగ్గరికి వెళ్లండి. గడివారీగా, ఏడాదివారీగా రాసుకున్న అంకెలు ఉంటే వారి పని సగం అప్పటికే అయిపోయినట్టే.